వావిలికి ఎన్ని పేర్లో

పక్కింట్లో బాలింత స్నానానికి వావిలాకు నీళ్ళు కాగుతున్నాయి. ఆ ఘాటు గోడ దాటి రాగానే చేతిలో పేపరు పక్కన పెట్టేశాను. ఆ వాసన వచ్చిందంటే ఆయమ్మ గుర్తొస్తుంది. ఆ వెంటనే నా నిర్వాకమూ గుర్తొస్తుంది.

ఆయమ్మ రాయపూర్‌లో రైల్వేవాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా వెనక వరస క్వార్టరులో ఉండేది. భీమవరం వైపు క్రైస్తవులు. ఆస్పత్రిలో ఆయాగా చేసేది కనుక కాలనీ అంతటికీ ఆయమ్మే. తెలుగు బైబిలు గడగడా చదివేది, ఇంగ్లీషు అక్షరం మాత్రం రాదు. నేను కాలేజీలో బోటనీ చదివే రోజుల్లో, యాభై పొదమొక్కల కొమ్మలు ఎండబెట్టి అట్టలకు అంటించి, ఒక్కోదాని కింద శాస్త్రీయ నామం, జనం పిలిచే పేర్లు, అవి చెప్పినవారి పేరు రాసి ఇవ్వమన్నారు. శాస్త్రీయ నామాలు పుస్తకంలో ఉన్నాయి. మిగతావన్నీ ఆయమ్మ నోట్లోనే ఉన్నాయి. ఆదివారం చర్చి నుంచి రాగానే నాతో పట్టాల వెంట నడిచేది.

“మనం వావిలంటాం, ఇక్కడివాళ్ళు నిర్గుండి అంటారు. ఇదిగో, ఇది లొట్టపీసు. దీన్నిక్కడ బేశరమ్ అంటారు, సిగ్గులేనిదని. ఎక్కడ విసిరేసినా బతికేస్తుంది, మన రైల్వేవాళ్ళలాగా!” అని పకపకా నవ్వేది.

ఆవిడ అడిగింది ఒక్కటే. “ఓ మూల నా పేరు కూడా రాయి నాన్నా. ఇన్నేళ్ళ డ్యూటీలో ఆయా అన్నారే గానీ, పేరు పెట్టి పిలిచినోళ్ళు లేరు.”

రాస్తానన్నాను. రాయలేదు. తోటివాళ్ళు వైద్యుల పేర్లూ మాస్టర్ల పేర్లూ రాస్తుంటే, ఆయా పేరు రాయడానికి నాకు నామోషీ. బుద్ధి గడ్డి తిని, యాభై అట్టల మీదా నేనే స్వయంగా సేకరించానని రాసుకున్నాను. మాస్టారు క్లాసులో అందరి ముందూ మెచ్చుకున్నారు.

అట్టలు ఇంటికి తెచ్చిన రోజు ఆయమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. “ఏదీ, నా పేరెక్కడ?” అంది. అన్నిటికంటే పైన వావిలి అట్ట ఉంది. వావిలి శాస్త్రీయ నామం వైటెక్స్ నెగుండో. ఆ ఇంగ్లీషు అక్షరాల మీద వేలు పెట్టి, “ఇదే ఆయమ్మా” అన్నాను.

“అబ్బో, ఇంగ్లీషులో నా పేరు ఎంత బావుందిరా!” అంటూ ఆ అక్షరాలను ఒక చీటీ మీద చూసి గీసుకుంది.

నాకు ఉద్యోగమొచ్చినప్పుడు స్టీలు గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. మనవాళ్ళు ఏ గిన్నె ఇచ్చినా పేరు కొట్టించి ఇస్తారు కదా. అంచు కింద చుక్కలు చుక్కలుగా వైటెక్స్ నెగుండో. “కొట్టువాడు ఇదేం పేరన్నాడు. నాదేనయ్యా, మా అబ్బాయి రాశాడు అన్నాను” అంది గర్వంగా. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. ఆవిడ పోయేదాకా చెప్పలేదు.

ఆ గ్లాసు బీరువాలో బట్టల వెనక దాచాను. మొన్న మా అమ్మాయి అది బయటికి తీసి, “నాన్నా, ఇదెవరి పేరు?” అంది. ఏదో మొక్క పేరులే అని లాక్కున్నాను. ఛీ, ఈ వయసులోనూ అదే పని!

ఇవాళ అమ్మాయిని పిలిచి గ్లాసు చేతికిచ్చాను. జరిగిందంతా చెప్పి, ఇది సువార్తమ్మ గారిది అన్నాను. ఆ పేరు నా నోటితో పలకడం అదే మొదటిసారి.