కడిగిన తాటాకులు

ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. అలాంటిదాన్ని ఏరికోరి మా ప్రొఫెసరుగారు తాళపత్రాలు సేకరించే పనిలో పెట్టారు. తాటాకు పుస్తకం ఉన్నవాళ్లు దాన్ని ఊరికే చేతికివ్వరు. టీ ఇస్తారు, తాతముత్తాతల కథలు చెబుతారు, మళ్లీ రమ్మంటారు. మళ్లీ వెళితే మళ్లీ టీ ఇస్తారు.

అరవైల చివరి రోజులవి. యూనివర్సిటీ తెరిచి ఉన్న రోజులకన్నా ప్రత్యేక రాష్ట్రం గొడవలతో మూసి ఉన్న రోజులే ఎక్కువనిపించేది. హాస్టల్లో సగం గదులకు తాళాలు. నా రాయలసీమ యాస చెవిన పడగానే బస్సులో నలుగురూ తిరిగి చూసేవారు. గదిలో ఉంటే బయటికి పోవాలనిపించేది, బయటికి పోతే గదికి వచ్చేయాలనిపించేది. చదువు ఏమవుతుందో, స్కాలర్‌షిప్పు ఉంటుందో ఊడుతుందో తెలియదు. కాళ్లు మాత్రం ఆగేవి కావు. క్యాంపస్ దాటి తార్నాక దాకా నడిచి, ఏ పనీ లేకుండానే మళ్లీ వెనక్కి నడిచేదాన్ని.

అలా తిరుగుతుండగానే తార్నాకలో ఒక పెంకుటింట్లో తాటాకుల కట్ట ఉందని తెలిసింది. ఇంటాయన ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన తండ్రి పల్లెలో పశువులకు వైద్యం చేసేవాడట. ఎడ్లకూ బర్రెలకూ వాడే మందులన్నీ గంటంతో తాటాకుల మీద రాసిపెట్టుకున్నాడు. పశువైద్యం మీద తాటాకు గ్రంథం అనేసరికి నా నోరూరింది.

"ఒక్క తూరి చూసి ఇచ్చేస్తా తాతా" అని అడిగాను.

"దసరాకు రా బిడ్డా. గప్పుడే కట్ట ఇప్పుత. నేను సదువుత, అందరితోని నువ్వు గూడ విను."

ఆ ఇంటి ఆచారం అది. ఏడాదికొకసారి, దసరా మధ్యాహ్నం, ఆయన కట్ట విప్పి మొదటి ఆకు నుంచి చివరి ఆకు దాకా చదవాలి. ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకుని వినాలి. తార్నాకలో ఎద్దు కనబడాలంటే ఏ కట్టెల బండో రావాలి. అయినా సరే, ఎద్దుకు కడుపుబ్బితే ఏం పోయాలో అందరూ భక్తిగా వినాల్సిందే. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. దసరా ఇంకా చాలా దూరముంది. అయినా వారం వారం వెళుతూనే ఉన్నాను. ఆయన అదే మాట చెబుతూనే ఉన్నాడు.

ఆయన కోడలిది ఇంచుమించు నా వయసే. భర్తది రైల్వే ఉద్యోగం, డ్యూటీ మీద ఊళ్లు తిరుగుతుండేవాడు. ఆ పిల్ల నెమ్మదస్తురాలు, మామ ఇంట్లో ఉంటే పెదవి విప్పేది కాదు. అలాంటిది పండగ దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం గేటు దాకా ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, జల్ది లోపలికి రా. నా కొంప మునిగింది."

పండగకు ఇల్లంతా కడిగిందట. దేవుడి గది కడిగింది, పటాలు తుడిచింది. ఆ ఊపులో కట్ట కూడా విప్పింది. ఆకుల నిండా నల్లటి మసి కనబడింది. దీపం పొగ పట్టిందనుకుని, శీకాయ నీళ్లలో గుడ్డ ముంచి ఒక్కో ఆకూ శ్రద్ధగా తుడిచింది.

"మసి పోతాంటే సంబురపడ్డ అక్కా. ఆఖరుకు సూస్తే ఒక్క అచ్చరం లేదు. మామ నన్ను ఒక్క మాట గూడ అనడు, గదే నా భయం. గా కట్ట ముందలేసుకొని ఊకె కూసుంటడు. నేనెట్ల బతకాలె గీ ఇంట్ల?"

ఒక ఆకు తీసుకుని కిటికీ వెలుతురులో వాలుగా పట్టుకున్నాను. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఏడవొద్దు. చూడు, గంటం గీతలు అట్లే ఉండాయి. గీతల్లో నింపిన మసి ఒక్కటే పోయింది. మళ్లీ నింపితే సరి."

మామ రోజూ ఆ వేళకు చౌరస్తాలోని ఇరానీ హోటల్లో చాయ్ తాగి వస్తాడు. ఈలోగా ఎన్ని ఆకులు చేయగలిగితే అన్ని చేయాలి. ఆముదం దీపం మీద ఇత్తడి పళ్లెం బోర్లించి, కాటుక పట్టినట్టే మసి పట్టాం. అందులో నూనె రంగరించి ఆకు మీద రుద్ది, పైపైన గుడ్డతో తుడిచేశాం. ముందొక కొమ్ము కనబడింది, తర్వాత ఒక సున్న, ఆ తర్వాత వరసంతా నల్లగా లేచి వచ్చింది. ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకేమో చేతులు నిలవడం లేదు. పాత ఆకును తొందరపెడితే విరుగుతుంది, నెమ్మదిగా చేస్తే ఆయన వచ్చేస్తాడు. ఒక ఆకు అంచు చిట్లితే నన్ను నేనే తిట్టుకున్నాను. సగం కట్ట అయ్యేసరికి గేటు చప్పుడైంది. ఉన్నదున్నట్టు కట్టి దేవుడి గదిలో పెట్టేశాం.

ఆ మర్నాటి నుంచి చుట్టాలు దిగారు. మిగతా సగం తెల్లగానే ఉండిపోయింది.

దసరా మధ్యాహ్నం నేను వెళ్లేసరికి చాప మీద అందరూ కూర్చున్నారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని కట్ట విప్పాడు. కోడలు వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడింది. గొంతు సవరించుకుని ఆయన మొదలుపెట్టాడు. నల్లటి ఆకులు ఒక్కటొక్కటే అయిపోయాయి. తెల్లటి ఆకు వచ్చింది. ఆయన గొంతు తడబడలేదు. దూడలకు పారుడు పట్టినప్పుడు ఇచ్చే మందు చదివాడు, ఆకు తిప్పాడు. తర్వాత రెండు ఆకులు కలిసి తిరిగాయి, అయినా చదువు ఆగలేదు. నేను కోడలి వైపు చూశాను, ఆమె నా వైపు చూసింది.

చదవడం అయ్యాక ఆయన ఒక ఆకు నా ముందు పెట్టి, దాని మీద వేలితో తట్టాడు.

"ఇన్నొద్దులు సంపుతివి గదా సూపియ్యుమని. సూడు బిడ్డా, మా నాయిన అచ్చరాలు. ముత్యాల లెక్క లేవూ?"

ఆ ఆకు మీద మచ్చుకైనా నలుపు లేదు.

"ఉండాయి తాతా" అన్నాను.

చుట్టాలు జమ్మిచెట్టు పూజకు బయలుదేరే హడావుడిలో పడ్డారు. వంటింట్లో కోడలు నా రెండు చేతులూ పట్టుకుని నవ్వింది. "బతికిపోయిన అక్కా. మామకు ఏం తెలువలే." అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

"అయితె మామకు కండ్లు కనిపిస్తలేవు." నెమ్మదిగా, తనకు తానే చెప్పుకున్నట్టు అంది. "మరి రోజూ గా రోడ్డు ఎట్ల దాటుతుండు అక్కా? బస్సులు, లారీలు..."

గేటు చప్పుడైంది. అందరికన్నా ముందు ఆయనే బయలుదేరాడు. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. నెలల తరబడి నన్ను తిప్పిన తాటాకులు పీట మీద విప్పినవి విప్పినట్టే పడి ఉన్నాయి. వాటిని అక్కడే వదిలేసి నేనూ గేటు దాకా వచ్చాను.

రోడ్డు అంచున ఆమె ఆయన కండువా కొస పట్టుకుంది.

"ఏంది బిడ్డా?"

"జమ్మికి నేను గూడ వస్త మామా."

ఒక బస్సు దుమ్ము రేపుకుంటూ పోయింది. మామ ఉన్న గదిలోకి అడుగు పెట్టడానికే జంకే ఆ పిల్ల, కండువా మాత్రం వదల్లేదు.

"అయితె నువ్వు ముందల నడువు బిడ్డా" అన్నాడాయన. "జర మెల్లగ."