మంజుల పేరు నేను రాయని శనివారం

వికారాబాద్‌లో మా జిమ్ స్టేషన్ రోడ్డు వెనక ఒక పాత గోదాములో ఉంటుంది. మంజుల, నేను రెండేళ్లపాటు అక్కడ ఒకే బార్ ఎత్తాం, ప్లేట్లు తొడిగే ఇనుప కడ్డీ అది. ఒకరు ఎత్తుతుంటే ఇంకొకరు లెక్కపెట్టాలి, అయిపోయాక గోడ మీద సుద్దముక్కతో తన పేరు కాక తన జోడీ పేరు రాయాలి. ఎవరి గొప్ప వాళ్లు రాసుకోకూడదని నేనే పట్టుబట్టి పెట్టిన నియమం అది. వానాకాలం అయిపోగానే మంజులకు తాండూరులో ఒక పప్పుమిల్లులో లెక్కలు చూసే పని దొరికింది. అప్పటినుంచి ఒంటరిగానే ఎత్తుతున్నాను. అలిసి బార్ దించబోతుంటే "ఇంకొక్కటే, ఎత్తు" అనే గొంతు లేదు. గోడ మీద రాయడానికి పేరూ లేదు.

పోయిన వారం తను అక్కడి జిమ్ బోర్డు ఫొటో పంపింది. పేర్లన్నీ మూడు గడుల్లో ఉన్నాయి. మంజుల పేరు అన్నిటికంటే తక్కువ బరువున్న గడిలో ఉంది. నాకు ఒళ్లు మండింది. సభల దగ్గర పంచే సమానత్వం పుస్తకాలు, ఆ పల్చటివి, చదివి తయారైన బుర్ర నాది. మనుషుల్ని గడుల్లో పెట్టిన చోటల్లా కింది గడిలో ఎవరున్నారని వెతుకుతుంది. ఒకప్పుడు నాకంటే ఎక్కువ ఎత్తిన పిల్లను అక్కడ పెట్టడానికి వీళ్లెవరు? ఫోన్ చేసి అరిస్తే తను నవ్వింది. శనివారం జోడీల వర్కవుట్ ఉందని, కొట్లాట ఏదైనా ఉంటే వచ్చి కొట్లాడమని చెప్పింది. కొట్లాట ఒక సాకు. మళ్లీ ఒక్కసారి తనతో ఒకే బార్ పట్టుకోవాలి, గోడ మీద తన పేరు నేను రాయాలి. అందుకే బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు వికారాబాద్ బస్టాండ్‌లో తాండూరు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. కిటికీ పక్కన సీటు కావాలంటే కొంచెం ముందే రండి. అనంతగిరి మలుపుల్లో చలిగాలి కొట్టింది. ఆదివారాలు ఇద్దరం పరుగెత్తి ఎక్కిన ఎత్తు అదే. బస్సుకు నిమిషాల పని, మాకు ఉదయమంతా పట్టేది. ధారూరు, పెద్దేముల్ దాటాక కంది చేలు పచ్చగా కనిపిస్తాయి, ఆ తర్వాత రోడ్డు పక్కన నిలబెట్టిన బండల వరుసలు మొదలవుతాయి. ఎనిమిదికి కాస్త ముందే తాండూరులో దిగాను.

జిమ్‌కు షేర్ ఆటో ఇరవై రూపాయలు. డ్రైవర్ నా సంచీ, బూట్లు చూసి ఎక్కడికని అడిగాడు. బరువులెత్తడానికని చెప్పాను.

"పైసలు గట్టి ఎత్తుతరా చెల్లె? మా బామ్మర్ది బండల ఫ్యాక్టరీకి రా. ఆడ ఎత్తుడు ఫ్రీ. పైనించి వాళ్లే చాయ్ తాపిస్తరు."

నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. మా వెనక కూర్చున్న పెద్దాయన కన్నడంలో ఏదో అంటే డ్రైవర్ ఇంకా గట్టిగా నవ్వాడు.

ఒకప్పుడు బండలు పాలిష్ పట్టిన షెడ్డే ఇప్పుడు జిమ్. నేల తాండూరు బండ, దాని మీద నల్ల రబ్బరు చాపలు. బయటివాళ్లకు ఒక్కరోజుకు నూటయాభై తీసుకుంటారు. మంజుల గుమ్మంలోనే ఎదురై నా జడ పట్టుకు లాగింది. సన్నబడింది. బోర్డు దగ్గర కోచ్ యూసుఫ్ భాయ్ ఆ రోజు పని రాస్తున్నాడు. కొత్తగా వెళ్లేవాళ్లను ఈ భాష భయపెడుతుంది కాబట్టి చెప్తాను. ఆ రోజు వర్కవుట్‌ను డబ్ల్యూఓడీ అంటారు. ఆమ్రాప్ అంటే ఇచ్చిన సమయంలో ఎన్ని రౌండ్లు చేయగలిగితే అన్ని. ఎమోమ్ అంటే ప్రతి నిమిషం మొదట్లో చెప్పిన పని చేసి, మిగిలిన క్షణాలు ఊపిరి పీల్చుకోవడం. ఆర్ఎక్స్ డాక్టరు చీటీ మీద కనిపించే గుర్తే. రాసింది రాసినట్టు చేయాలి. స్కేల్డ్ అంటే మన ఒంటికి తగ్గట్టు తగ్గించుకున్నది. మూడో గడి ఈ రెంటికీ మధ్యది.

మనుషులను ఇలా విడదీయడం ఏం న్యాయమని యూసుఫ్ భాయ్‌ని అడిగేశాను. ఆయన సుద్దముక్క పక్కనపెట్టి నిదానంగా చెప్పాడు.

"నేను ముందుగాల బరువు రాయనమ్మా, దమ్ము రాస్త. ఇరవై నిమిషాలు ఆగకుండ ఉరకాలె, గది ఇయ్యాల్టి పని. గా దమ్ము నీకు ముప్పై కిలోలతోని రావొచ్చు, ఇంకొకరికి ఉత్త బార్‌తోనే రావొచ్చు."

విన్నాను, కానీ చెవి దాటి లోపలికి పోలేదు. పని ఇది: బార్‌ను నేల నుంచి తల మీదికి పదిసార్లు ఎత్తాలి, గేటు దాకా పరుగెత్తి రావాలి. జోడీలో ఒకరు చేస్తుంటే ఇంకొకరికి విశ్రాంతి. ఇద్దరికీ బార్ ఒక్కటే. నేను ఆర్ఎక్స్ బరువు కోసం ప్లేట్లు ఎక్కించబోతుంటే మంజుల నా చేయి పట్టుకుంది. చికెన్‌గున్యా వచ్చిపోయి మూడు నెలలైనా మణికట్లు ఇంకా సలుపుతున్నాయట. ఫోన్‌లో ఎప్పుడూ చెప్పలేదు. అక్కడే నేను మెత్తబడాల్సింది.

"అయితే గా గడిలనే పేర్లు రాయించుకుందమా?" అన్నాను.

"ఉత్త బార్ పదిహేను కిలోలు, గదే నాకు ఇయ్యాల మస్తు బరువు. నువ్వు నాతోని చెయ్యనీకి వచ్చినవా, బోర్డుతోని కొట్లాడనీకి వచ్చినవా?"

"నీ కోసమే కొట్లాడుతున్న."

"నా కోసమైతే ఉత్త బార్ పట్టు."

పట్టలేకపోయాను. ఎత్తగలిగిన దానికంటే తక్కువ ఎత్తితే ఆ గడిని ఒప్పుకున్నట్టే అనిపించింది. మంజుల నా చేయి వదిలేసి, కర్ణాటకలోని సేడం వైపు నుంచి వచ్చే భాగ్య అనే అమ్మాయిని పిలిచింది. "భాగ్యా, మా పోరి మస్తు ఎత్తుతది. దీనితోని నువ్వు జోడీ గట్టు." తను షెడ్డు అవతలి చివర ఒక టీచరమ్మ పక్కన నిలబడింది.

భాగ్య మంచి జోడీ. మా ముప్పై కిలోల బార్ నిదానంగా లేచింది, నిదానంగా దిగింది. నా విశ్రాంతి వంతు వచ్చినప్పుడల్లా కళ్లు అవతలి చివరికే పోయాయి. ప్లేట్లు లేని వాళ్ల బార్ ఆగకుండా లేస్తోంది. మేం ఒకసారి గేటు దాకా వెళ్లొచ్చేలోపు వాళ్లు ఇంచుమించు రెండుసార్లు వెళ్లొస్తున్నారు. మంజుల మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది. తేలికది ఎంచుకున్నవాళ్లు తేలిగ్గా ఏమీ లేరు. చివర్లో టీచరమ్మ బార్ కింద పెట్టేయబోయింది.

"ఇంకొక్కటే మేడం, ఎత్తుండ్రి."

ఆ గొంతు కోసమే నేను అంత దూరం వచ్చాను. అది షెడ్డు అంతా దాటి వినిపించింది, ఇంకొకరి కోసం.

గంట కొట్టారు. జోడీ పేరు రాసే మా పద్ధతిని మంజుల ఇక్కడికీ తెచ్చింది. నేను ఆర్ఎక్స్ గడిలో భాగ్య పేరు రాశాను, భాగ్య నాది రాసింది. స్కేల్డ్ గడిలో టీచరమ్మ గుండ్రటి అక్షరాలతో మంజుల పేరు రాసింది. ఉత్త బార్‌తో ఒక్క రౌండ్ చేద్దామని మంజులను అడిగాను. అప్పటికే తర్వాతి బ్యాచ్ వచ్చి బార్లన్నీ తీసుకుంది.

పదీ ముప్పావుకు రైలు. ప్యాసింజర్ దొరికితే ముప్పావుగంటలో, బస్సు కుదుపులు లేకుండా వికారాబాద్ చేరవచ్చు. మంజుల స్టేషన్ దాకా వచ్చింది. చాయ్ తాగుతుంటే గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం అప్పుడు గమనించాను.

"వచ్చే శనివారం గూడ జోడీలే," అంది. "ఉత్త బార్ పడుతవా?"

"పడుత."

"ఇప్పుడంటవు. మల్ల బోర్డు జూసినంక?"

అంతలో రైలు వచ్చింది, సంచీ అందుకుని ఎక్కాను.

ఆ బోర్డు మీద నా కోపం ఇంకా పోలేదు. పేర్లన్నీ ఒకే వరుసలో రాసి పక్కన బరువులు వేస్తే ఏం పోతుంది? ఆ మాట యూసుఫ్ భాయ్‌కి మళ్లీ చెప్తాను. కానీ రైలు ధారూరు దాటుతుంటే నాకు బోర్డు గుర్తు రాలేదు, అవతలి చివర మోకాళ్ల మీద వంగిన మంజుల గుర్తొచ్చింది. సమానమంటే ఒకే బరువని నేననుకున్నాను. ఇద్దరికీ ఒకేలా ఊపిరి ఆడకపోవడమని తను అనుకుంది. రెండేళ్లు ఒకే బార్ ఎత్తినా ఆ తేడా మా మధ్యకు ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే అప్పుడు తన చేతులు నొప్పెట్టలేదు. ఈ వారం మా గోదాములో ఉత్త బార్‌తోనే చేస్తున్నాను. రొప్పొస్తోంది. గోడ ఖాళీగానే ఉంది.

మీరు జోడీ వర్కవుట్‌కు వెళ్తుంటే ఒక్క సలహా: ఇద్దరిలో తక్కువ ఎత్తగలిగేది ఎవరో వాళ్లను ముందు అడగండి, వాళ్లు చెప్పిన బరువే బార్‌కు ఎక్కించండి. బోర్డు వైపు ఆ తర్వాత చూడండి.