బయాలజీ మేడం మూడో రూలు

తొమ్మిదో తరగతి మొదటిరోజు మా బయాలజీ మేడం పాఠం చెప్పలేదు. బోర్డు మీద మూడు రూల్సు రాసి, నోటుపుస్తకం మొదటి పేజీలో ఎక్కించుకోమంది. గైడు క్లాసులోకి రాకూడదు. తెలియనిది తెలియదని లేచి నిలబడి చెప్పాలి, అలా చెప్పినవాళ్లను చూసి ఎవరూ నవ్వకూడదు. చూసిందే గీయాలి, చూడనిది గీస్తే సున్నా. ఇంట్లో చదివి వినిపించి సంతకం చేయించుకు రమ్మంది. మా నాయన వేలిముద్ర వేశాడు. నేను ఆ పేజీని చెయ్యి అడ్డం పెట్టుకుని చూపిస్తుంటే, మేడం నా చెయ్యి పక్కకు జరిపి, "ఇదీ సంతకమే. దాచేదేముండాది?" అంది.

ఆమెది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. కళ్యాణదుర్గంలో గది అద్దెకు తీసుకుని రోజూ మా ఊరికి బస్సులో వచ్చేది. బస్సు రాకపోతే ఆటోలో పాలక్యాన్ల మధ్య ఇరుక్కుని అయినా బెల్లుకు ముందే దిగేది.

అంతకుముందు మేము రికార్డు రాయడమంటే గైడు చూసి దించడమే. పుస్తకాల్లో కప్ప గుండెకాయ గీసినవాళ్లలో సగంమంది దగ్గరగా కప్పను చూసినవాళ్లు కాదు. మేడం వచ్చాక కప్ప దొరికినరోజే కప్ప బొమ్మ అంది. ఆ ఏడు వానా రాలేదు, కప్పా రాలేదు. మా రికార్డుల్లో ఆ పేజీ తెల్లగానే ఉండిపోయింది. హెడ్మాస్టరు అడిగితే, "వాన పడనీండి సార్, గీస్తారు" అని నిమ్మళంగా చెప్పింది. ఒకసారి జిల్లేడు ఆకును మేకలు ఎందుకు తినవని ఎవరో అడిగారు. మేడం కుర్చీలోంచి లేచి నిలబడి, "నాకూ సరిగ్గా తెలీదు. కనుక్కోనొచ్చి చెప్తా" అంది. రూల్సు పెట్టే పెద్దమనుషులను నేను చాలామందిని చూశాను. పిల్లల ముందు తాను పెట్టిన రూలుకు తానే లేచి నిలబడిన మనిషిని అదే మొదటిసారి చూడటం. ఆ రోజు నుంచి ఆమె అంటే నాకు ప్రాణం.

కానీ నాకు పొగరు ఎక్కువ. క్లాసులో నా అంత బాగా బొమ్మ గీసేవాళ్లు లేరు. అందరిలోకీ మంచి రికార్డును అనంతపురంలో సైన్స్ ఫెయిరుకు పంపిస్తామని మేడం చెప్పగానే అది నాదేనని రాసిపెట్టుకున్నాను. అనంతపురానికి ఏ లంగా ఓణీ వేసుకోవాలో కూడా తేల్చేసుకున్నాను.

సరిగ్గా అప్పుడే, ఎవరి చేనిలోంచి వాళ్లు ఒక శెనక్కాయ చెట్టు పీకి, దాన్ని చూసి గీసుకు రమ్మంది మేడం. కాయలు పట్టే ఊడలు నేలలోకి దిగే వేళకు వాన మొహం చాటేసిన ఏడాది అది. నేను పీకిన చెట్టు జానెడు లేదు. మూడే కాయలు, అందులో రెండు గింజ పట్టని తాలు. బోరు ఉన్నవాళ్ల పిల్లలు గుత్తులు గుత్తులుగా కాయలున్న చెట్లు తెచ్చుకుంటున్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ చెట్టును దిబ్బలో పారేసి, పెట్టెలోంచి గైడు తీసి, ఇరవై కాయల చెట్టును నీడలు కూడా దిద్ది గీశాను.

మేడం ఆ పేజీని చాలాసేపు చూసింది. "ఈ చెట్టు యాడుండాది?"

"మా చేన్లో మేడం."

"అట్లనా? సాయంత్రం పోదాం పా, చూపిద్దువు."

బడి వదిలాక ఇద్దరమూ నడిచాం. రెండు మైళ్ల దారి. ఏ అడుగు దగ్గరైనా నిజం చెప్పేయొచ్చు. నాది మొండి ఘటం, నోరు విప్పలేదు.

చేనిలో నాయన ఎండిన చెట్లు పశువుల మేతకు పీకుతున్నాడు. మేడంను చూసి తలగుడ్డ తీశాడు. ఆమె రికార్డు తెరిచి చూపించి, "అన్నా, ఇట్లాంటి చెట్టు మీ చేన్లో ఉండాదా?" అంది.

నాయన చేతులు పంచెకు తుడుచుకుని పుస్తకం అందుకున్నాడు. "ఇది మాది కాదు మేడం. ఈ ఏడు వాననే నమ్ముకున్నోళ్ల చేన్లల్లో యాడా ఇన్ని కాయల్లేవు. ఎవురు గీసినారు?"

మేడం నా వైపు చూసింది. నాయన నా వైపు తిరిగాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"మన చేనిని గీసేదానికి సిగ్గయిందా మ్మా?"

నాకు ఏడుపు ఆగలేదు. మేడం ఓదార్చలేదు. ఎర్ర పెన్నుతో సున్నా వేసి, "ఈ రికార్డు అనంతపురం పోదు" అంది. తర్వాత పక్క పేజీ తిప్పి, "ఇప్పుడు గీయి. మార్కుల్లేవు, ఉత్తదే" అంది.

చేని గట్టున గెనం మీద కూర్చున్నాను. నాయన ఒక చెట్టు పీకి, మట్టి దులిపి, నా ఎదుట గొంతుక్కూర్చుని పట్టుకున్నాడు. ముక్కు ఎగబీలుస్తూ ఆకులు గీశాను, వేర్లు గీశాను, నేలకు అందక గాలిలో వేలాడుతూ ఎండిపోయిన ఊడలు గీశాను. చివరికి కాయలు. ఉన్నవి రెండు.

నాయన మెడ సాచి పుస్తకంలోకి చూశాడు. చేతిలో చెట్టును చూశాడు. మళ్లీ పుస్తకం చూశాడు.

"ఈ రెండోది తాలుకాయ మ్మా. నువ్వు నిండుగా గీసినావు. చెరిపెయ్యి."

మేడం తన సంచిలోంచి రబ్బరు తీసి, నాకు కాదు, నాయనకు ఇచ్చింది.