పనసకర్ర కూజా

నిడదవోలు రైల్వే గేటు దగ్గరున్న వీరబ్రహ్మం లేత్ షాపుకి మంచంకోళ్ల కోసం వెళ్లినవాళ్లెవరూ మంచంకోళ్లు మాత్రమే చూసి రాలేదు. ముందు ఆయన పూలకూజాలు చూడాల్సిందే. కూజా మెడ చుట్టూ చెక్క ఉంగరాలు వదులుగా తిరుగుతుంటాయి, ఎక్కడా అతుకుండదు. దుంగని లేత్ మీద తిప్పుతూ, ఉలి మొనతో ఉంగరాన్ని మెడ నుంచి విడదీస్తాడు. "లాగి చూడండి, ఊడొస్తుందేమో!" అని మన చేతిలో పెట్టి మురిసిపోతాడు. మనిషి మంచివాడే. ఆ మురిపెమే కొంప ముంచింది.

కిందటేడు గాలివానకి జ్ఞానమ్మ గారి పెరట్లో పనసచెట్టు కూలింది. ఆవిడ భర్త, పోయిన సుకుమార్ మాస్టారు, నాటిన చెట్టది. "మాస్టారి జ్ఞాపకార్థ కూడిక నాటికి ఈ కర్రతో ఏదైనా చేసిపెట్టండి, బైబిలు పక్కన పెట్టుకుంటాను" అని ఆవిడ ఓ దుంగ పంపింది. ఏదైనా అంది. మందంగా ఓ గిన్నె చేసినా సరిపోయేది. పచ్చికర్రని పల్చగా తిప్పితే ఆరేటప్పుడు పగులుతుందని తెలిసీ, కూడికకి వచ్చినవాళ్లంతా మెచ్చుకోవాలని ఉంగరాల కూజాకే దిగాడు. తెల్లారేసరికి అది మెడ నుంచి అడుగుదాకా పగిలింది.

సిగ్గేసి, ఎవరూ చూడకుండా దాన్ని నీళ్లపొయ్యిలో పెట్టేశాడు. కోత మిల్లు నుంచి ఆరిన పనస దుంగ తెచ్చి, అచ్చం అలాంటిదే చేసిచ్చాడు. కూడికలో జ్ఞానమ్మ గారు ఆ కూజాని గుండెలకు హత్తుకుని ఏడుస్తుంటే, వీరబ్రహ్మం అక్కడ పెట్టిన భోజనం ముట్టకుండానే వచ్చేశాడు.

ఆ తర్వాత ఆయన ఆవిడ ఉండే వీధి మొహం చూడలేదు. బజారుకి చుట్టూ తిరిగి వెళ్లేవాడు. ఇంట్లో భార్య సత్యవాణి మీద అయినదానికీ కానిదానికీ విసుక్కునేవాడు. పాపం, ఆవిడకేం తెలుసు?

మొన్న జ్ఞానమ్మ గారే షాపుకొచ్చింది.

"మా అమ్మాయి రెబెక్కా తనకీ అలాంటిది కావాలంటోందండీ. మిగిలిన కర్రతో చేస్తారా?" అంటూ, మూలనున్న మిల్లు దుంగ మీద చెయ్యేసి నిమిరింది. "ఇదేనాండీ మా చెట్టు?"

అవునంటే సరిపోయేది. రెండో కూజా కూడా బాగానే వచ్చేది. కానీ ఆవిడ ఆ దుంగని నిమురుతూనే ఉంది. వీరబ్రహ్మం చూడలేకపోయాడు.

"కాదండీ," అన్నాడు. "మీ ఇంట్లో ఉన్నదీ మీ చెట్టుది కాదండీ. మీ కర్రతో చేసింది పగిలిపోయింది. నేనే పొయ్యిలో పెట్టేశాను. తప్పయిపోయిందమ్మా."

ఆవిడ దుంగ మీద నుంచి చెయ్యి తీసేసింది. తిట్టలేదు. తిడితే ఆయనకు కొంచెం తేలికపడేదేమో.

"పగిలిందైనా నాకిచ్చేయాల్సిందండీ," అంది. "రోజూ పొద్దున్నే ప్రార్థన అయ్యాక ఆ కూజాని తుడుస్తానండీ నేను. రేపు ఏమనుకుని తుడవమంటారు?"