ఇంకా రెండు మూరలు

నా చిన్నప్పుడు, ఆరో తరగతిలో ఇంగ్లీషు మొదలుపెట్టిన కొత్తలో, నాకు 'ఆల్మోస్ట్' అనే మాట మహా నచ్చింది. దాదాపు అని అర్థం చెప్పారు బడిలో. ఆ వారమంతా ఇంట్లో ప్రతి పనికీ అదే వాడాను.

మాది ధర్మవరం. మా నాయన మగ్గం మీద పట్టుచీరలు నేసేవారు. ఒక ఆదివారం ఆయన జరీ కోసం బజారుకు వెళ్లినప్పుడు, మాకు పెండ్లి చీర చెప్పిన పెండ్లికూతురి తండ్రి కనగానపల్లి నుంచి వచ్చి, చీర అయిందా అని అడిగాడు. "ఆల్మోస్ట్ అయిపోయింది మామా" అన్నాను గొప్పగా. ఆయన ముఖం వెలిగిపోయింది. చీర తీసుకోడానికి రేపు పొద్దున్నే పెద్దలను బాడుగ జీపులో తీసుకొస్తానని వెళ్లిపోయాడు.

పెరట్లో నుంచి వచ్చిన మా అవ్వకు సంబరంగా చెప్పాను.

"అదేం మాటే?"

"అయినట్టే అని అర్థం అవ్వా."

అవ్వ వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి పళ్లెంలో సంగటి ముద్ద పెట్టింది. నోట్లో పెట్టుకోగానే పచ్చిపిండి అంగిలికి అతుక్కుంది.

"ఉడకనేలేదే అవ్వా!"

"ఆల్మోస్ట్ ఉడికిందిలే, తిను."

నేను బిక్కముఖం వేస్తే, చెయ్యి పట్టుకుని మగ్గం దగ్గరికి తీసుకెళ్లింది. "ఎంత మిగిలుండాదో కొలువు" అంది. నా చేతికి మూడు మూరలు, నాయన చేతికి రెండు. జరీ కొంగు రోజుకు మూర కంటే ఎక్కువ సాగదు. అంటే మంగళవారం సాయంత్రం. రేపు అంతమందీ వచ్చి వట్టి చేతులతో తిరిగిపోతే నాయన మాటకు విలువేముంటుంది? ఆ లెక్క నాకే తట్టింది.

"ఆయన బస్సు రెండు గంటలకు. పరుగెత్తు" అంది అవ్వ.

నేను బస్టాండు చేరేసరికి ఆయన కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. బస్సు అప్పటికే గుర్రుమంటోంది.

"మామా, ఇంకా రెండు మూరలుండాయి. మంగళవారం సాయంత్రానికి అయితాది."

"ఇందాక ఆల్మోస్ట్ అంటివి కదమ్మీ?"

"అంటే కాలేదని మామా."

ఆయన పెద్దగా నవ్వాడు. "ఆ రెండు మూరల మాటే ముందు చెప్పుంటే సరిపోయేది కదా! పెండ్లి శుక్రవారం. బుధవారం వస్తాంలే, నాయనకు చెప్పు."

చెప్పిన సాయంత్రానికే చీర మగ్గం దిగింది.

ఇప్పుడు హిందూపురం నుంచి వచ్చే మనవరాలు దారిలో ఫోన్ చేసి, "అవ్వా, ఆల్మోస్ట్ వచ్చేసినా" అంటుంది. "యాడున్నావు?" అని అడుగుతాను. పెనుకొండ దాటానని చెప్పాకే ఎసరు పెడతాను. తను వచ్చి కూర్చునేసరికి సంగటి వేడిగా ఉంటుంది, పూర్తిగా ఉడికి.