దర్వాజ మీద వరద గాట్లు

సమ్మన్న సర్వేవాళ్ళ జీపులోంచి దిగడం ధనరాజ్ చూశాడు. సాయంత్రానికి ఊరంతా తానే చూసినట్టు మాట్లాడింది. డెబ్బై దాటిన ముసలివాడికి జీపువాళ్ళతో ఏం పని?

మా నావగూడ బామ్ని దాటాక వార్ధా ఒడ్డున ఉంటుంది. నలభై నాలుగు ఇళ్ళు, చుట్టూ మరాఠీ ఊళ్ళున్నా మేమందరం తెలుగువాళ్ళమే. ఆవలి ఒడ్డు నిజాం రాజ్యంగా, ఇవతలి ఒడ్డు ఇంగ్లీషువాళ్ళదిగా ఉన్న కాలంలో మా ముత్తాతలు నావలతో ఇటు వచ్చారు. బొగ్గు గనుల పనికి వచ్చేవాళ్ళను దాటించి బతికారు. వంతెన పడ్డాక నావలు ఒడ్డెక్కాయి. కొన్నేళ్ళు చేపలు పట్టారు. చేపలు తగ్గాక మగవాళ్ళు లాల్‌పేట్ గనిలో దిగారు. రేవులో నావ ఉంచుకున్నది సమ్మన్న ఒక్కడే. ఎక్కేవాళ్ళు లేకపోయినా ఏటా దానికి తారు పూసేవాడు. అందులోనూ ఏదో మతలబు ఉందనే అనుకునేవాళ్ళం.

మా ఊళ్ళో పాతబడ్డ నావను పొయ్యిలో పెట్టరు. ఆ పలకలతో ఇంటి గుమ్మానికి దర్వాజ చేయిస్తారు. వరద ఇంట్లోకి వచ్చి తీసిపోయాక, పొయ్యి వెలిగించక ముందే, నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో అక్కడ ఇంటి పెద్ద దర్వాజ చెక్క మీద గాటు పెడతాడు. నీళ్ళు ఎన్ని రోజులు నిలిచాయో దాని పక్కన అన్ని సన్న గీతలు. తండ్రి పెట్టిన గాట్ల పక్కన కొడుకు పెడతాడు. మా ఊరి గురించి అంతకు మించి ఎవరూ ఏమీ రాసిపెట్టలేదు.

కొత్త గని కోసం ఊరు లేపుతారని కబురొచ్చినప్పుడు ఆ సంగతి తెలిసొచ్చింది. సర్కారు కాగితాల్లో నావగూడ లేదు. ఉన్నది ఉత్త నది ఒడ్డు. మేము అతిక్రమణ్ చేసి, అంటే జాగా ఆక్రమించి, కూర్చున్నవాళ్ళమని తేలితే తలా ఒక దిక్కుకు పోవాల్సిందే. పాత ఊరని తేలితే అందరికీ ఒకేచోట స్థలాలిస్తారు. మాకు కావలసింది అదొక్కటే.

జీపు దిగిన మర్నాటి నుంచి సమ్మన్న ఒక తాడు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగాడు. దర్వాజకు తాడు ఆనించి, గాటు ఉన్నచోటల్లా ముడి వేసుకునేవాడు.

"ఏంది తాతా, మా దర్వాజ కొలుస్తున్నవ్?" అన్నాను.

"నీ ముత్తాత పెట్టిన గాట్లు గివి. ఎన్నడన్న సూసినవారా మారుతీ?"

"ఎవరి కోసం కొలుస్తున్నవని అడుగుతున్న."

ఆయన తాడుకు ఇంకో ముడి వేశాడు. ధనరాజ్ ఊరుకోలేదు. "జీపోళ్ళు చాయ్ తాపిండ్రంట గద తాతా?"

"బిస్కిట్ గుడ పెట్టిండ్రురా. నీకోటి జేబుల ఏసుకొస్తే అయిపోవు."

అంతే చెప్పాడు. ఆయన జీవితమంతా అంతే. రేవులో ఉన్నప్పుడు కూడా నావ ఎప్పుడు కదులుతుందో ఎవరికీ చెప్పేవాడు కాదట. ఎక్కి కూర్చోవాలి, ఆయన తెడ్డు వేసినప్పుడు కదిలినట్టు.

జీపు, తాడు, గాట్లు. మూడూ కలిపి లెక్క తేల్చింది నేనే. పేపర్లు చదివేవాణ్నని ఊళ్ళో నా మాట వింటారు. "ఇది మునిగే జాగా అని గాట్లే సాక్ష్యం చెప్తయ్. మునిగే జాగాల ఊరేంది, లేవున్రి అంటరు. ముసలోడు గందుకే కొలుస్తుండు" అన్నాను. మాట నాది, రంద ధనరాజ్‌ది. రెండు రోజుల్లో నలభై మూడు ఇళ్ళ దర్వాజలు గాట్లు పోయేలా ఆ రందతో చిత్రిక పట్టి, నీలం రంగు వేశాం. ఆడవాళ్ళు ఎదురు రాలేదు, రంగు డబ్బా తామే పట్టుకొని నిలబడ్డారు.

సమ్మన్న మాత్రం తన గడపలో కూర్చున్నాడు. "నా దర్వాజ ముట్టిన్రంటే తెడ్డు ఇరిగేదాక కొడ్త" అన్నాడు. మా అనుమానం గట్టిపడింది.

వారం తర్వాత సర్వే సాహెబ్ వచ్చాడు. చేతిలో నది నీటిమట్టాల రిజిస్టరు ఉంది. ఏ ఏడు వరద ఎంత ఎత్తు వచ్చిందో, ఎన్ని రోజులుందో అందులో ఉంటుందట. గాట్ల సంగతి సమ్మన్నే ఆఫీసుకు వెళ్ళి చెప్పాడని, రిజిస్టరుతో సరిపోతే పాత ఊరని రాస్తానని తానే మాటిచ్చి, ఆ రోజు జీపులో దింపించానని సాహెబ్ మరాఠీలో చెప్పాడు. చెబుతూనే గల్లీలో నడిచాడు. రెండు వైపులా నీలం దర్వాజలే.

"గాట్లు ఏవీ?" అన్నాడు.

సమ్మన్న తాడు ఇచ్చాడు. ముడులు ఎవరైనా వేయొచ్చని సాహెబ్ దాన్ని తిరిగి ఇచ్చేశాడు. సమ్మన్న దర్వాజ ఒక్కటి కొలిచాడు. పదకొండు గాట్లలో తొమ్మిది రిజిస్టరుతో సరిపోయాయి. అన్నిటికన్నా పాతది సమ్మన్న పుట్టక ముందుది.

"ఈ ఇల్లు పాతదే. నీకు స్థలం వస్తుంది. కానీ ఒక్క ఇంటిని ఊరు అనలేను" అన్నాడు సాహెబ్.

సమ్మన్న గల్లీ అంతా ఒకసారి చూశాడు. నా వైపు కూడా చూశాడు.

"ఇది ఇల్లు కాదు సాహెబ్. ఊరి చావడి. నేను కావలుంటున్న."

"మరి నీ ఇల్లేది?"

"నాకు ఇల్లు లేదు."

ఆ ఇంట్లోనే ఆయన పుట్టాడు. ఆయన పిల్లలూ అక్కడే పుట్టారు. మా అందరికీ తెలుసు. చావడి అంత పాతదైతే ఊరూ అంత పాతదేనని, ఊరివాళ్ళందరూ సంతకం పెడితే అలాగే రాస్తానని సాహెబ్ అన్నాడు. కాగితం చేతులు మారుతుంటే ధనరాజ్ నా చెవిలో అన్నాడు: "ఇందుల ఏదో ఉన్నదిరా. రేపు చావడి జాగంత గీయనే మింగుతడు." నాకూ అలాగే అనిపించింది. అనిపిస్తూండగానే సంతకం పెట్టాను.

జీపు పోయాక అడిగాను. "ఎందుకట్ల చెప్పినవ్ తాతా?"

"సంతకం పెట్టినవ్ గద. ఇంక అడుగుడేంది?"

రెండు నెలలకు బామ్నిలో జాబితా అంటించారు. నావగూడ, పాత ఊరు. నలభై మూడు ఇళ్ళు, ఒక చావడి. అక్కడే, ఆ గోడ కిందనే, కొత్త జాగాలో కట్టే చావడి తాళం ఎవరి దగ్గర ఉండాలో మాట లేచింది. "ముసలాయన దగ్గరైతే ఒద్దు" అన్నాడు ధనరాజ్. కాదని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. సమ్మన్న కొంచెం దూరంలో బీడీ కాలుస్తూ కూర్చొని ఉన్నాడు. వినబడేంత దూరమే.

అప్పుడే ఆయన భార్య సత్తమ్మ వచ్చింది. సర్వేకు ముందే కూతురి కాన్పుకని లక్కడ్‌కోట్ వెళ్ళి, ఇప్పుడే తిరిగొస్తోంది. బస్సు దిగి సంచి చంకలో పెట్టుకొని నేరుగా గోడ దగ్గరికి నడిచింది.

"మారుతీ, మరాఠీల ఉన్నదంట గద బిడ్డా. జర సదువు. మాది ఎన్నో పేరు?"

సమ్మన్న వైపు చూశాను. ఆయన నదివైపు తిరిగి కూర్చున్నాడు. మొదటి పేరు నుంచి చదవడం మొదలుపెట్టాను. ఒక్కో పేరుకూ సత్తమ్మ తల ఊపింది. నలభై మూడూ అయిపోయాయి. ఆమె ఇంకా చెవి ఇటు పెట్టి నిలబడే ఉంది.