నిద్రపోకూడని పహిల్వాన్

ఎర్గష్ ఓయ్దీన్ ఇంట్లో చివరిసారిగా చేసిన పని షోర్బా సూపుకి జ్వరం చూడటం. కోటు జేబులోంచి గాజు థర్మామీటరు తీసి గిన్నెలో ముంచాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చదివాడు. "అరవై ఎనిమిది. ఒక్క నిమిషం ఆగండి, నాలుక కాలుతుంది." అందరూ చెంచాలు పట్టుకుని ఆగారు. ఆగకపోతే ఆయన మళ్ళీ ముంచుతాడు. నిమిషం అయ్యాక తాగాడు, ఉప్పు తక్కువైందన్నాడు, టోపీ పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు. తెల్లారి లేవలేదు.

ఆయనకున్న పిచ్చి అదొక్కటే. ముప్పై నాలుగేళ్ళు నురాతా ఊరి బయట వాతావరణ కేంద్రంలో రోజుకి మూడు పూటలు డిగ్రీలు రాసిన మనిషి. రిటైరయ్యాక కేంద్రం ఆయన్ని వదిలింది గానీ, ఆయన డిగ్రీలని వదల్లేదు. కొలవని వేడిని వేడి అనడు, కొలవని చలిని చలి అనడు. మంగలి వేడి తువ్వాలు మొహాన వేయబోతే ఆగమని, ముందు థర్మామీటరుకి చుట్టించేవాడు. పెళ్ళిళ్ళలో వంటవాళ్ళు ఆయన్ని చూడగానే పులావు డేగిసా మీద మూత పెట్టి దాని మీద కూర్చునేవాళ్ళు. "నా మీద ప్రేమ ఎన్ని డిగ్రీలో కూడా ఎక్కడో రాసే ఉంటాడు" అనేది ఆయన భార్య, బతికున్న రోజుల్లో.

ఓయ్దీన్ ఆయన తమ్ముడి భార్య. మూడేళ్ళ కిందట, వేసవి వెళ్తూ వెళ్తూ ఆ తమ్ముణ్ణి తీసుకుపోయింది. నవంబరుకల్లా ఓయ్దీన్ తందూరు మీది మూత తీయడం మానేసింది. తలుపు దగ్గర ఇరుగుపొరుగు పెట్టిపోయిన రొట్టెలు అక్కడే రాళ్ళయ్యేవి. చలికాలం ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ నేలలో తీసిన గుంటలో నిప్పులు పోసి, పైన పొట్టి బల్ల వేసి, దాని మీద పెద్ద బొంత కప్పి, చుట్టూ కూర్చున్నవాళ్ళు బొంత కిందికి కాళ్ళు చాపుకుంటారు. ఆమె ఆ నిప్పుల బల్ల కూడా వెలిగించలేదు. అడిగితే, "రెండు కాళ్ళకి అన్ని బొగ్గులెందుకు?" అనేది.

ఒక మధ్యాహ్నం ఎర్గష్ తన బొచ్చుటోపీని రెండు చేతుల్తో పట్టుకుని వచ్చాడు. బోడితల మీద మంచు పడుతోంది. టోపీలో అరచెయ్యంత తాబేలు.

"ఇదేంటి బావగారూ?"

"పహిల్వాన్."

పహిల్వాన్ తల లోపలికి లాక్కున్నాడు.

"పసివాడు. ఒంట్లో సత్తువ లేదు. ఈ చలికాలం నిద్రపోయాడంటే మళ్ళీ లేవడు. మార్చి దాకా మేలుకునే ఉండాలి."

"అయితే మీ ఇంట్లో పెట్టుకోండి."

"మాది ఉత్తరం వాకిలి. మీది దక్షిణం." థర్మామీటరు తీసి గది మధ్యలో పట్టుకుని నిలబడ్డాడు. మొహం మాడ్చుకున్నాడు. "ఎనిమిది. అమ్మాయ్, ఇది గదా, నేలమాళిగా?"

"నాకు చాలు."

"నిన్నెవరడిగారు? పహిల్వాన్‌కి చాలదు."

జేబులోంచి ఒక చీటీ తీసి గోడకి మేకుతో కొట్టాడు. పశువుల డాక్టరు జబ్బార్ చెప్పినదట. పెట్టెలో ఒక మూల బల్బు కింద ముప్పై రెండు డిగ్రీలు. రోజు విడిచి రోజు గోరువెచ్చటి నీళ్ళలో స్నానం. తిండి పచ్చగడ్డి, రొట్టె ముట్టించకూడదు. గదంతా ఇరవై రెండు డిగ్రీలు. రోజూ అరగంట నడక, ఒంటరిగా నడవడు, పక్కన మనిషి నడవాలి. చివరి మాట దగ్గర ఓయ్దీన్ ఆగింది.

"ఒంటరిగా తినడా? ఎదురుగా ఇంకొకరు కూర్చుని తినాలా?"

"డాక్టరు మాట. వాదించేదుంటే ఆయనతో వాదించు."

ఊరంతా నవ్వింది. ఆ మైదానాల్లో తాబేలు ఏడాదికి మూడు నెలలు మేలుకుంటే గొప్ప. టీ కొట్లో పెద్దలు ఎర్గష్‌ని కూర్చోనివ్వలేదు.

"సృష్టికే ఎదురు తిరుగుతున్నావా ఎర్గష్?"

"తిరుగుతున్నాను. సృష్టి మైనస్ పద్దెనిమిది చేసింది, నేను ఇరవై రెండు చేస్తాను. ఎవరిది గెలుపో మార్చిలో చూద్దాం." టీలో థర్మామీటరు ముంచి చూసి, చల్లారిందని వెనక్కి పంపాడు.

గదంతా ఇరవై రెండు రావాలంటే నిప్పుల బల్ల వెలిగించక తప్పలేదు. వెలిగించింది కదా అని ఓయ్దీన్, చలిలోంచి వచ్చిన ఎవరికైనా చేసే మర్యాదే పహిల్వాన్‌కీ చేసింది. బొంత ఎత్తి లోపల కూర్చోబెట్టింది. ఎర్గష్ వచ్చి బొంత కిందికి థర్మామీటరు దూర్చాడు.

"నలభై నాలుగు. కబాబు చేసేదానివి ఉల్లిపాయలు కోసుకోలేదేం?"

"మీ చీటీలో బల్ల సంగతి ఎక్కడుంది? ఉంటే చూపించండి!" చెంపలు ఎర్రబడేదాకా అరిచింది ఓయ్దీన్. పహిల్వాన్‌ని బయటికి లాగి పెట్టెలో పెడుతూ కూడా అరిచింది. ఎర్గష్ చేతులు కట్టుకుని అన్నీ విన్నాడు. తిట్లు తింటున్న మనిషిలా కాదు, బహుమతి అందుకుంటున్న మనిషిలా.

మరో వారం పక్కింటి సలోమత్ వంతు. చక్కెర టీలో నానబెట్టిన రొట్టె రహస్యంగా తినిపించింది. పహిల్వాన్ రెండు రోజులు కళ్ళు తెరవలేదు.

"మొదటిసారి గడప తొక్కిన ప్రాణికి రొట్టె పెట్టకుండా పంపుతామా అన్నా? వీధి పరువేం కావాలి?"

"నీ రొట్టె మీద నాకు గౌరవముంది సలోమత్. కానీ వీడు అతిథి కాదు, రోగి."

ఓయ్దీన్ కిటికీ గట్టున తొట్లు పెట్టి లూసర్న్ గడ్డి విత్తనాలు చల్లింది. పూటకి రెండుసార్లు తొట్లు ఎండలోకి జరిపేది. మధ్యాహ్నం గిన్నెలో నూడిల్సు వేసుకుని తాబేలు ఎదురుగా కూర్చునేది. "తిను, నీ వల్ల నేనూ తినాల్సొస్తోంది" అని విసుక్కునేది. అది నమిలేది, ఆమె నమిలేది. తర్వాత ఇద్దరూ గోడ వారగా నడిచేవాళ్ళు. పహిల్వాన్ నడక గురించి చెప్పేదేముంది, అరగంటలో ఆ గోడ సగం కూడా అయ్యేది కాదు.

జనవరిలో మూడు రోజులు కరెంటు పోయింది. బల్బు ఆరిపోయింది. రెండో రోజుకి ఇంట్లో బొగ్గులు అడుగంటాయి. ఓయ్దీన్ పహిల్వాన్‌ని శాలువాలో చుట్టి పొట్టకి కట్టుకుని, పైన దూది కోటు తొడుక్కుని, మోకాలి లోతు మంచులో సలోమత్ గుమ్మం ముందు నిలబడింది. నాలుగు నెలల్లో ఆమె ఇంకొకరి గుమ్మం దాకా రావడం అదే మొదలు.

"బస్తా బొగ్గు కావాలి."

"తాబేలుకా?"

"నాకు. నేను చల్లబడితే వీడు చల్లబడతాడు. మీరంతా మార్చి దాకా నవ్వుకుంటారు. ఆ అవకాశం మీకివ్వను."

సలోమత్ నవ్వలేదు. బస్తాకి ఒక కొస పట్టుకుంది.

మధ్యాహ్నానికి ఎర్గష్ వచ్చాడు, మీసాలు గడ్డకట్టి, థర్మామీటరు ముందుకు చాపుకుని. ఓయ్దీన్ దాన్ని చేతిలోంచి లాక్కుంది. శాలువాలో పెట్టి చూసింది, తర్వాత ఆయన గుప్పిట్లో పెట్టి చూసింది.

"పహిల్వాన్ ఇరవై తొమ్మిది. మీరు పందొమ్మిది. రోగి ఎవరో మీరే చెప్పండి. కూర్చోండి, కాళ్ళు లోపల పెట్టండి."

ఎర్గష్ బొంత కిందికి కాళ్ళు చాపుకున్నాడు. టీ ఇస్తే కొలవకుండా తాగాడు. ఆయన కొలవకుండా తాగిన టీ అదొక్కటే అని సలోమత్ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది.

మార్చిలో పహిల్వాన్ పెరట్లో గడ్డి మీద నడిచాడు. ఎర్గష్ వాణ్ణి టోపీలో పెట్టుకుని టీ కొట్టుకి తీసుకెళ్ళి, పెద్దల మధ్య బల్ల మీద దించి, ఒక్క మాట కూడా అనకుండా తీసుకొచ్చేశాడు. ఆ తర్వాతి చలికాలాల్లోనూ చీటీ గోడ మీదే ఉంది, బల్ల వెలుగుతూనే ఉంది. ఆ బల్ల చుట్టూ సలోమత్ చేరింది, ఆమె మొగుడు చేరాడు, షోర్బా గిన్నెలు పెరిగాయి.

ఎర్గష్ పోయిన వారానికి పరామర్శకి డాక్టరు జబ్బార్ వచ్చాడు. ఓయ్దీన్ ఆయనకి రొట్టె తుంచి పెట్టింది. బల్ల పక్కన గడ్డి నములుతున్న పహిల్వాన్‌ని చూసి ఆయన ఆశ్చర్యపోయాడు.

"వీడింకా ఇక్కడే ఉన్నాడా? ఆ ఏడు ఎర్గష్ నా దగ్గరికి తెచ్చాడు. మూడేళ్ళవాడు, ఇటికలా ఉన్నాడు. గడ్డి పరిచిన పెట్టెలో పెట్టి నేలమాళిగలో దించు, హాయిగా నిద్రపోయి వసంతంలో లేస్తాడన్నాను. కుదరదు, మేలుకునే ఉండాలని భీష్మించాడు. సరేనని నాలుగు ముక్కలు చెప్పాను."

ఓయ్దీన్ గోడ మీది చీటీ చూపించింది. డాక్టరు కళ్ళద్దాలు పెట్టుకుని దగ్గరికి వెళ్ళాడు.

"బల్బు నేను చెప్పిందే. స్నానం, గడ్డి, అవీ నావే. గదంతా ఇరవై రెండెందుకు? పెట్టె వెచ్చగా ఉంటే చాలు కదా." వేలు కిందికి జరుపుకుంటూ చివరి మాట దాకా వచ్చి ఆగాడు. "ఎదురుగా ఇంకొకరు కూర్చుని తింటేనే తింటాడా? ఇదెవరు చెప్పారమ్మా? తాబేలుని ఒంటరిగా వదిలేస్తేనే కడుపునిండా తింటుంది."